మెటికల మాస్టారి భార్య మెడ

అతని సెలూన్‌కి జుట్టు కోసం వచ్చేవాళ్లకంటే మెడ కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. కత్తిరింపు అయ్యాక ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకో చెయ్యి తల వెనక పెట్టి, కబుర్లు చెబుతూ చెబుతూ మనిషి ఆదమరిచిన క్షణంలో ఠక్కున తిప్పేవాడు. ఆ చప్పుడు వీధిలోకి వినిపించేది. వెంటనే కుర్చీలోంచి "హమ్మయ్య" అని వినిపించేది. అందరూ అతన్ని మెటికల మాస్టారనేవాళ్లు. ఇరవై ఆరేళ్లుగా అద్దంలో ఆ "హమ్మయ్య"ను చూసుకుంటూనే అతను బతికాడు.

భార్య బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే మిషను దగ్గర పనిచేసేది. ఒక సాయంత్రం షిఫ్టు దిగి, ఫోన్ చూసుకుంటూ, అతను సగం దించిన షట్టరు కిందికి వంగకుండా వచ్చేసింది. ఇనప అంచు నుదుటికి కొట్టుకుంది. వెల్లకిలా పడిపోయింది. లేపి కూర్చోబెడితే, "మెడ పట్టేసిందయ్యా," అంది.

అతను ఆలోచించలేదు. మెడ పట్టేసిందని ఎవరన్నా చేతులు వాటంతటవే లేస్తాయి. కుర్చీలో కూర్చోబెట్టి తిప్పాడు. చప్పుడైతే వచ్చింది. "హమ్మయ్య" రాలేదు. ఆమె తలలు కడిగే సింకులోకి వంగి వాంతి చేసుకుంది.

ఆస్పత్రిలో తలకి స్కాన్ తీశారు. కంకషన్ అన్నారు, అంటే మెదడు అదిరిందట. లోపల రక్తం కారలేదు కాబట్టి విశ్రాంతి చాలన్నారు. మెడ సంగతి అతనూ చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు.

మూడు వారాలైనా తలనొప్పి పోలేదు. పుర్రె కింద, మెడ మొదట్లో పుట్టి పైకి పాకేది. తల తిప్పితే గది తిరిగేది. అతను దగ్గరికొస్తే చాలు, ఆమె భుజాలు బిగుసుకునేవి. ఆస్పత్రి వాళ్లు ఒక కైరోప్రాక్టర్ దగ్గరికి పంపారు. వెన్నూ మెడా చూసే డాక్టరు. అక్కని తోడు తీసుకుని వెళ్లొచ్చింది.

"ఏం చేశాడు?" అడిగాడు అతను.

"చూశారు."

"చూడ్డానికి గంటా?"

"తలకి చిన్న లైటు కట్టారు. గోడ మీద చుక్కకి గురిపెట్టమన్నారు. తర్వాత కళ్లు మూసుకుని తల పక్కకి తిప్పి, మళ్లీ మధ్యకి తెమ్మన్నారు. కళ్లు తెరిచి చూస్తే లైటు ఎక్కడో ఉంది. నా మెడకి తానెక్కడుందో తెలియట్లేదంట."

"నన్నడిగితే చెప్పేవాణ్ణిగా, ఎక్కడుందో."

ఆమె నవ్వబోయి తల పట్టుకుంది.

"చేతులేశాడా?"

"మెడ డాక్టరు మెడ పట్టుకోక కాళ్లు పట్టుకుంటారా? ఎంత నెమ్మదో ఆయన చెయ్యి! వేసినట్టే తెలియలేదు."

మర్నాడు అతని కత్తి ఒకరి చెంప గీరింది. ఏళ్ల తర్వాత అదే మొదటిసారి. వరుసలో కూర్చున్న పోస్ట్‌మాన్ ఊరుకోలేదు.

"మాస్టారూ, మీ ఆవిడ మెడ వేరే షాపుకి పోయిందటగా!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే ఆ డాక్టరుకి వయసెంతో, పెళ్లయిందో లేదో పోస్ట్‌మాన్‌ని అడిగి తెలుసుకున్నాడు. ముప్పై రెండు. కాలేదు.

రెండోసారికి తనే తోడు వెళ్లాడు. పొద్దున పది గంటలకి సెలూన్ మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డాక్టరు పొడుగ్గా ఉన్నాడు, మాట మెత్తన. కానీ చెవుల మీద జుట్టు ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా ఉంది. ఎవడో చేతకానివాడు కత్తిరించాడు. అది చూసుకున్నాక అతని మనసు కాస్త కుదుటపడింది.

"ఈ రోజు నుంచి మెడకి చేత్తో చికిత్స మొదలుపెడదాం," అన్నాడు డాక్టరు. "ముందు ఇంకోసారి అడుగుతాను. దెబ్బ తగిలాక ఎవరైనా మెడ గట్టిగా తిప్పారా?"

"లేదండీ," అంది ఆమె. తడుముకోలేదు.

డాక్టరు వేళ్లు ఆమె చెవి కిందికి చేరాయి. ఆమె కళ్లు మూసుకుంది. భుజాలు వదులయ్యాయి. మూడు వారాలుగా తనకి దక్కనిది, ఈ పొడుగాటివాడికి అడక్కుండానే దక్కింది. మూలన స్టూలు మీద కూర్చుని అతను ఆ వేళ్లనే చూశాడు. లేచి వెళ్లిపోదామనిపించింది. ఆ చేతిని తోసేద్దామని కూడా అనిపించింది.

వేళ్లు కిందికి జారి, ఒకచోట ఆగాయి. వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆగాయి. డాక్టరు ముఖంలో ఏమీ మారలేదు. కానీ ఆ చేతులు దేన్నో వెతుకుతున్నాయి. ఇంకెవరైనా అయితే గమనించరు. పొద్దస్తమానం మెడలు పట్టుకునేవాడికి అది తెలుస్తుంది.

ఇప్పుడు నోరు మూసుకుంటే సరిపోతుంది. ఈయన ముందు తలవంచుకోనక్కర్లేదు.

"నేను తిప్పాను," అన్నాడు.

ఆమె కళ్లు తెరిచింది.

"దెబ్బ తగిలిన అయిదు నిమిషాలకి. ఎడమ వైపుకి. చప్పుడొచ్చేదాకా."

డాక్టరు చేతులు తీసేశాడు. తిట్టలేదు. వాంతి అంతకుముందా, ఆ తర్వాతా అని అడిగాడు. ఆమె చూపు మసకబారుతోందా, మాట తడబడుతోందా అని అడిగి, ఒక ఉత్తరం రాశాడు.

"ఈ రోజు నేను ముట్టుకోను. మెడలో మెదడుకి వెళ్లే రక్తనాళాలుంటాయి. వాటికి స్కాన్ కావాలి. ఇక్కణ్ణుంచి తిన్నగా ఆస్పత్రికే వెళ్లండి." అతనివైపు తిరిగి, "చెప్పి మంచిపని చేశారు," అన్నాడు.

తిట్టినా అంత మండేది కాదు.

బయటికొచ్చాక ఆమె విరుచుకుపడింది. "మూడు వారాలు నీ పరువు కోసం నోరు కట్టేసుకున్నాను. ఒక్క నిమిషంలో పోగొట్టుకున్నావు!"

"నేను చెప్పకపోయినా ఆయన కనిపెట్టేవాడే. దగ్గరిదాకా వచ్చాడు."

"అంటే ఆయన గొప్పవాడనా?"

అతను రోడ్డు అంచుకి నడిచాడు. టాక్సీ కోసం చెయ్యెత్తాడు.

స్కాన్‌లో ఏమీ లేదు. మంగళవారం, శుక్రవారం చికిత్స మొదలైంది. ఆమె వెళ్లేముందు తల దువ్వుకునేది. ఏ చీర కట్టుకుందో అతనికి గుర్తుండేది. నెల తిరిగేసరికి గోడమీది లైటు చుక్క దగ్గరికి వచ్చింది. ఆమె బస్సులో కిటికీవైపు తల తిప్పగలుగుతోంది. సెలూన్‌లో అతను మెడలు తిప్పడం మానేశాడు. కొందరు అలిగి పక్క వీధి కుర్చీకి మారారు. పోస్ట్‌మాన్ మాత్రం వస్తూనే ఉన్నాడు, వేళాకోళం కోసం.

ఒక శుక్రవారం డాక్టరు ఇంట్లో చేసే వ్యాయామం చెప్పాడట. ఎవరో ఒకరు కణత మీద రెండు వేళ్లు ఆనించాలి. ఆమె తలతో వాటిని తోయాలి, తల మాత్రం కదలకూడదు. పది లెక్కపెట్టేదాకా.

"మీ అక్కని పిలవనా?" అన్నాడు అతను, గిన్నె తుడుస్తూ.

"ఇంట్లో మనిషి లేనట్టు అక్కెందుకు?" ఆమె స్టూలు లాక్కుని వంటింటి గుమ్మంలో కూర్చుంది. "రెండే వేళ్లు. మూడోది తగిలిందా, లేచి వెళ్లిపోతా."

అతను చెయ్యి తుడుచుకున్నాడు. ఇంకోసారి తుడుచుకున్నాడు. రెండు వేళ్లు కణతకి ఆనించాడు. ఆమె భుజాలు బిగిశాయి. అతను పైకి నాలుగు లెక్కపెట్టేసరికి కొద్దిగా వదిలాయి. కళ్లు మూసుకుంది.

"అక్కడ కూడా ఇలాగే కళ్లు మూసుకుంటావు కదా," అన్నాడు.

"మూసుకోమంటారు, మూసుకుంటాను."

"ఇక్కడ ఎవరూ చెప్పలేదే?"

"నువ్వు లెక్కపెట్టు ముందు. ఆరు దగ్గర ఆపేశావు."