సులోచనక్క పంపిన దెగ్లూర్ బస్సు

మా ఇంటి కింది వాటాలో ఒక టైలర్ ఉంటాడు. ఆదివారం పూట తీరిగ్గా కుట్టుమిషన్ విప్పి నూనె పోస్తాడు. ఆ నూనెకు పెద్ద వాసనేమీ ఉండదు. కానీ మెట్ల మీదుగా అది మా వంటింటి దాకా వచ్చిందంటే నా చేతిలో పని అక్కడే ఆగిపోతుంది. మొన్నటి ఆదివారం పొయ్యి పక్కనే నిలబడి ఉండి కూడా పాలు పొంగిపోవడం చూడలేదు. సులోచనక్క చీర కొంగుకు ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. కొన్నేళ్ళ పాటు నా కూతురి జుట్టులోనూ ఈ వాసనే ఉండేది.

సులోచనక్కను మీరెవరూ చూసి ఉండరు. మహారాష్ట్రలోని నాందేడ్‌లో, వజీరాబాద్ బజారు దగ్గర ఒక కిరాణా దుకాణం మీది రెండు గదుల్లో ఆమె టైపింగ్ క్లాసులు నడిపేది. తొంభైల చివరి మాట. మొత్తం పదకొండు మిషన్లు, మూడు మరాఠీవి, మిగతావి ఇంగ్లీషువి. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే, ఒంటి మీది బంగారం అమ్మి మొదటి రెండు మిషన్లు కొన్నదట. పిల్లలు లేరు. మనిషి పొట్టి. గొంతు మాత్రం కింది దుకాణంలో పప్పు తూచేవాడు కూడా ఉలిక్కిపడేంత. పిల్లలంతా ఆమెను బాయి అనేవారు; మరాఠీ బడుల్లో పంతులమ్మను అట్లాగే పిలుస్తారు. అక్షరాలు కనిపించకుండా మీటల మీద చెక్కపెట్టె బోర్లించి, గోడ మీది చార్టు చూస్తూ కొట్టమనేది. ఎవరైనా "మషీన్ ఖరాబున్నది బాయీ" అంటే, వచ్చి అదే మిషన్ మీద ఒక్క తప్పు లేకుండా పేజీ కొట్టి చూపించేది. "నీ అసొంటోడే, ఆడలేక మద్దెల ఓడన్నడట" అని ఆ కాగితం వాడి చేతిలో పెట్టి పోయేది.

నేను ఆమె దగ్గరే నేర్చుకొని, ఆమె దగ్గరే నేర్పడానికి చేరాను. మా ఆయన పనిచేసే మిల్లు మూతపడి, ఆయన ఆటో నడపడం మొదలుపెట్టిన రోజులవి. స్వాతి పుట్టాక పని మానేస్తానంటే అక్క ఒప్పుకోలేదు. "పిల్లను ఎత్తుకొని రా. నీకు ఎప్పుడు వీలైతే గప్పుడే రా. బ్యాచులు నీ తీరుగ పెట్టుకుందాం" అన్నది. అట్లా స్వాతి మిషన్ల గదిలో, బల్ల కింద పరిచిన బొంత మీద పెరిగింది. అంత మోతలోనూ హాయిగా నిద్రపోయేది. ఆదివారం ఇంట్లో చప్పుడు లేకపోతే నిద్రపట్టక ఏడ్చేది. దానికి జ్వరమొచ్చి నేను రెండు రోజులు రాకపోయినా అడిగేవాళ్ళు లేరు. అన్నీ బాగానే ఉన్నాయి, జీతం తప్ప. అందుకు అక్కను అనడానికీ లేదు. ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చేశాయి, టైపింగుకు వచ్చేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు.

స్వాతికి నాలుగేళ్ళు నిండిన ఎండాకాలం నాకు దెగ్లూర్‌లోని ఒక కాలేజీలో క్లర్కు ఉద్యోగం వచ్చింది. జీతం మూడింతలు, పైగా పర్మినెంట్. కానీ బస్సులో పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. పొద్దున ఏడింటికి గడప దాటితే మళ్ళీ ఇల్లు చేరేసరికి పిల్ల పడుకునే వేళవుతుంది. కాపురం అక్కడికి మారుద్దామంటే ఆయన ఆటో పర్మిట్ ఇక్కడిది. పిల్లను కర్ఖేలిలో అత్తగారి దగ్గర ఉంచుదామంటే, వారానికొకసారి చూసే కూతురు నాకు కూతురెట్లా అవుతుంది? మా ఆయనను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మొగుడూపెళ్ళాల మధ్య అంత పనికిరాని మాట ఇంకోటి లేదు.

పది రోజులు ఎటూ తేల్చుకోలేక చివరికి అక్కను అడిగాను. ఆమె ఒక మిషన్‌కు రిబ్బన్ మారుస్తున్నది. తలెత్తకుండానే "సోచాయించుడు బంద్ చెయ్యి పద్మా. నౌకరిల చేరేటందుకు ఇంక ఎన్ని రోజులున్నది?" అన్నది.

"పదిహేను రోజులక్కా."

"అయితే రేపటి సంది వారం రోజులు ఊకనే దెగ్లూర్ పోయి రా. గదే బస్సు, గదే టైము. ఆడ దిగు, చాయ్ తాగు, సాయంత్రం దాంక ఏడనన్న కూసో, తిరిగి రా."

"పని లేకుండనా? ఎవరన్న ఇంటే నవ్వుతరు."

"మీటల మీద వేళ్ళు పెట్టకుండ ఎవరికన్న టైపింగు అచ్చిందా? పోయి రా. పిల్ల ఈడుంటది."

నా జీవితంలో అంత వింత పని మళ్ళీ చెయ్యలేదు. పనీపాటా లేకుండా, టిఫిన్ డబ్బా పట్టుకొని, వారం రోజులు దెగ్లూర్ పోయి వచ్చాను. ఆ బస్సులో రోజూ వచ్చిపోయే ఆడవాళ్ళ గుంపు ఒకటుండేది. టీచర్లు, నర్సులు, బ్యాంకులో పనిచేసే ఒకామె. రోజూ అట్లా పోయి రావడాన్ని అందరూ అప్ డౌన్ అనేవారు. బస్సు ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు పట్టుకునేవారు. ఒళ్ళో గుడ్డ పరుచుకొని బఠానీలు ఒలిచేవారు, మెంతికూర తెంపేవారు. మూడో రోజుకు నాకూ ఒక సీటు పట్టి పెట్టారు. వాళ్ళలో తెలుగు మాట్లాడే ఒక టీచరమ్మ "నీది ఏ ఆఫీసు?" అని అడిగింది.

"ఇంక ఏం లేదు. నాతోని అయితదా కాదా అని చూసుకునేటందుకు అస్తున్న" అన్నాను.

ఆమె అందరికీ మరాఠీలో చెప్పేసరికి బస్సంతా నవ్వింది. "మేము లగ్గమే చూసుకోకుండ చేసుకున్నం. నువ్వు నౌకరికి పెళ్ళిచూపులు పెట్టినవా తల్లీ!" అన్నది.

ఏడో రోజు సాయంత్రం అక్క ముందు కూర్చొని కష్టాలన్నీ ఏకరువు పెట్టాను. నడుము పట్టేసింది, దుమ్ముకు గొంతు పూడుకుపోయింది, పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అక్క అంతా విని, "గివన్ని నాకెరుకే. నేనడిగేది వేరే. నీకు మంచిగనిపించిందా లేదా?" అన్నది.

నిజానికి నాకు చాలా బాగనిపించింది. ఆ బస్సులో రెండు గంటలు నన్నెవరూ అమ్మా అని పిలవలేదు, ఏమే అని పిలవలేదు. కిటికీ పక్కన కూర్చొని నేను నాకే గుర్తొచ్చాను. పిల్లను వదిలిపెట్టి సంతోషంగా ఉన్నానని చెప్పడానికి సిగ్గేసింది. "మంచిగనిపించిందక్కా" అన్నాను, ఏడుపు ఆగలేదు.

"గంతేనా? పో మరి. ఇష్టం లేని పనికైతే నేనే ఆపుతుంటి."

"పిల్ల?"

"పిల్లకు ఈడ అలవాటున్నది. బడి ఇడవంగనే మీ ఆయనను తెచ్చి దించుమను. నేనెటు పోతున్న?" అన్నది. నీ జాగాలో ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానని కూడా అన్నది. ఆ అమ్మాయి ఎన్నటికీ రాలేదు. దొరకడం లేదేమోననుకున్నాను.

నాలుగేళ్ళు నేను ఆ బస్సులో తిరిగాను. స్వాతికి మొదటి పన్ను ఊడింది అక్క దగ్గరే, లెక్కల్లో గుణకారాలు వచ్చింది అక్క దగ్గరే. నేను ఇల్లు చేరేసరికి నిద్రకు తూగుతూ ఉండేది. దగ్గరికి తీసుకుంటే జుట్టులోంచి మిషన్ నూనె వాసన వచ్చేది. ఒక ఆదివారం తల దువ్వుతుంటే "బాయి గిట్ల తియ్యది పాపిట" అని నా చేతిలోంచి దువ్వెన లాక్కున్నది. పోయి అక్కతోనే అన్నాను, నా పిల్ల నా మాట వినడం లేదని. "నా మాట గూడ ఇనది. తల్లి పోలిక, ఎవలేం చేస్తరు?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమెను చూసి కుళ్ళుకున్నాను, ఆ మాట ఒప్పుకోవాలి.

ఐదో ఏడు వానాకాలంలో ఒక రోజు నాలుగు దాటాక కాలేజీకి ఫోనొచ్చింది. అక్క ఇక లేదన్నారు. స్వాతి బడి నుంచి వచ్చేసరికి అక్క చాప మీద పక్కకు తిరిగి పడుకొని ఉన్నదట. బాయి నిద్రపోతున్నదనుకొని పిల్ల చప్పుడు చెయ్యకుండా అన్నం పెట్టుకొని తిన్నది, పక్కనే కూర్చొని రెండు పేజీల మరాఠీ రాసుకున్నది. నాలుగింటి బ్యాచ్ పిల్లలు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నది. ఫోను పెట్టేసి నేను దెగ్లూర్ నుంచి రెండు గంటలు బస్సులో వచ్చాను. అంత పొడుగు దారి నేను మళ్ళీ చూడలేదు.

దహనమయ్యాక కింది దుకాణం సేఠ్ నన్ను పక్కకు పిలిచాడు. "బాయి ఎడమచెయ్యి వేళ్ళు ఎన్నడో మొద్దుబారినయమ్మా. నువ్వు నౌకరిల చేరిన ఎండాకాలం నేనే డాక్టర్ దగ్గరికి తీసుకపోయిన. ఒక్కదానివి ఉండద్దన్నడు. పద్మకు చెప్తే ఆగిపోతదని నాతోని ఒట్టేయించుకున్నది" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎండాకాలం ఆమె ఎవరికీ మిషన్ మీద కొట్టి చూపించలేదు. వయసొచ్చి మెత్తబడిందనుకున్నాను. ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానన్నది కూడా నన్ను పంపడానికే. పక్కనే కూర్చొని పనిచేసిన నాకు ఆమె చేతులు కనిపించలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో నాకు కనిపించింది నా సమస్య ఒక్కటే.

మూడో రోజు మధ్యాహ్నం స్వాతి ఆ గదుల మెట్ల మీద ఒక్కతే కూర్చొని వెక్కి వెక్కి ఏడుస్తున్నది. పరుగున పోయి ఒళ్ళోకి లాక్కున్నాను. తల నిమురుతూ "ఏడ్వకు బిడ్డా, ఏడ్వకు" అంటూనే ఉన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల ఒళ్ళంతా బిగుసుకుపోయింది. రెండు చేతులతో నన్ను తోసింది.

"నువ్వు ఊకె ఏడ్వకు ఏడ్వకు అంటవు. బాయి గట్ల అనకపోయేది."

"మరి ఏమంటుండె?"

"ఏమనకపోయేది. పక్కకు కూసుంటుండె. నాది అయిపోయే దాంక."

కన్నబిడ్డను ఎట్లా ఓదార్చాలో నాకు ఆ బిడ్డే చెప్పింది. నేను ఒక మెట్టు కిందికి దిగి, చేతులు ఒళ్ళో పెట్టుకొని, నోరు మూసుకొని కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చింది. అయిపోయాక తనే వచ్చి నా భుజానికి ఆనుకున్నది.

ఆ జీతంతోనే స్వాతి చదువుకున్నది, ఇప్పుడు నాందేడ్‌లోనే ఒక ల్యాబ్‌లో పనిచేస్తున్నది. ఆ ఉద్యోగం తప్పని నేననలేను, ఒప్పని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పనూ లేను. ఆఫీసులో చిన్నపిల్లల తల్లులు వచ్చి ఏం చెయ్యమంటారని అడిగితే, ఒక వారం పోయి వచ్చి చూడమంటాను. ఆ సలహా ఎవరిదో, దానికి ఆమె ఏం పణంగా పెట్టిందో చెప్పను. అక్క కోసం నేనూ ఏడవాలనుకున్నాను. కానీ ఆ రోజు మెట్ల మీద వంతు నా కూతురిది. నా వంతు ఇంకా రాలేదు.