పరీక్షకు రోజా

మా అబ్బాకు షుగర్ పరీక్ష అంటే నెగ్గి తీరాల్సిన పందెం. వనపర్తి దవాఖానకు వెళ్లే ముందురోజు సాయంత్రం మాత్ర వేసుకుని, అన్నం మానేశాడు. మేం తినమని పోరితే కసిరాడు. "రంజాన్ నెలంత రోజా ఉండేటోన్ని. ఒక్క పూట ఉండలేనా?"

తెల్లారి చెమటలతో, వణుకుతూ లేచాడు. గెలిచినట్టే ముఖం పెట్టాడు. పరీక్షలో షుగర్ ఎప్పటికన్నా ఎక్కువ వచ్చింది.

డాక్టరమ్మ విసుక్కుంది. "పెద్దాయనా, తినకుండ మందేస్తే షుగర్ పడిపోతది. అప్పుడు మీ కార్జం, అదే లివర్, దాచిపెట్టుకున్న చక్కెరను రక్తంలకు వదుల్తది. మిమ్మల్ని బతికియ్యనీకే."

అబ్బా తన పొట్ట కుడివైపు కోపంగా చూసుకున్నాడు.

"రోజా ఉన్నది నేను. నన్నడగకుండ ఇఫ్తార్ పెట్టుమని దీనికెవరు చెప్పిన్రు?"