ఎడమచేతి బల్లెం

యాసిడ్ సీసా మూత తీయగానే ఘాటు నేరుగా ముక్కుకి కొడుతుంది. ఖమ్మంలో పిల్లలకు అచ్చు బొమ్మలు నేర్పుతూ ఇన్నేళ్లయినా, ఆ వాసనకు ముందుగా గుర్తొచ్చేది దమ్మపేట బడిలో మా డ్రాయింగ్ సారు భిక్షమయ్యగారే. "కిటికీ తెరువుండ్రి, సచ్చిపోతం!" అని ఆయనే అరిచి, ఆయనే దగ్గేవారు.

ఆయన గది గోడకు ఒక వేట బొమ్మ ఉండేది. మూడు వందల ఏళ్ల కిందట ఎవరో యూరప్ చిత్రకారుడు రాగిరేకు మీద గీసి అచ్చు తీసినదానికి నకలు. అడవిపందిని కుక్కలు చుట్టుముట్టి ఉంటాయి, మనుషులు బల్లేలు ఎత్తి ఉంటారు. రేకుకు మైనం పూసి, సూదితో గీసి యాసిడ్‌లో ముంచితే, గీత పడ్డచోటే యాసిడ్ రేకును తింటుందని, ఆ గుంటల్లో సిరా నింపి కాగితం అదిమితే బొమ్మ దిగుతుందని సారు చెప్పారు. "దూరపు చెట్లు సన్నగుండాలె. ఒకసారి ముంచినంక వాటిని వార్నిష్‌తోని కప్పెయ్యి. దగ్గరి కుక్కలను మళ్ల ముంచు, నల్లగ దిగుతయి." అదంతా పుస్తకంలో చదివిందే. చేత్తో చేయడం ఆయనకూ నాతోనే మొదలు.

హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీ సీటుకు నేనొక అచ్చు పంపాలి. గడువు వారం, ఉన్నది ఒక్కటే జింకు రేకు. మా గూడెంలో ఒకప్పుడు వేటకు ముందు నడిచిన మా తాతను, కుడిచేత బల్లెంతో గీశాను. అచ్చు బ్రహ్మాండంగా దిగింది. మురిసిపోయి తాతను బడికి పిలుచుకొచ్చాను.

తాత చాలాసేపు చూశాడు. "ఇది నేను గాదు సారూ. నేనెన్నడు ఎడమచేత బల్లెం పట్టలె."

నా ప్రాణం ఉసూరుమంది. రేకు మీది కుడి అచ్చులో ఎడమవుతుందని మా ఇద్దరికీ తట్టనేలేదు. సారు గిరుక్కున గోడవైపు తిరిగారు. అక్కడి వేటగాళ్లందరూ ఎడమచేతివాళ్లే! ఏళ్ల తరబడి రోజూ చూస్తున్న బొమ్మ.

"ఆ బొమ్మ గీసిన అంత పెద్దాయనే వదిలేసిండు గద సారూ, గిట్లనే పంపుదాం. తాత సంగతి ఆళ్లకేమెరుక?" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సారు తాత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తప్పు నాది పెద్దయ్యా. పిల్లకు ముందే చెప్పాల్సింది నేను. నాకే తెల్వలె."

తాత బిత్తరపోయాడు. సర్కారు కొలువున్నవాళ్లెవరూ అంతదాకా ఆయనతో అలా అనలేదు. చేతులు కట్టుకోవడం ఎప్పుడూ ఆయన వంతే.

రెండు రోజులు వేళ్లు బొబ్బలెక్కేలా సారు రేకు వెనకవైపు నున్నగా అరగదీశారు. నేను తాతను అద్దంలో చూస్తూ, రేకు మీద బల్లెం ఎడమచేతికి వచ్చేలా మళ్లీ గీశాను; అచ్చులో అది కుడిచేతికి వచ్చింది. సీటొచ్చింది.

పిల్లల ముందు "తప్పు నాది" అనాల్సి వస్తే నాకు ఇప్పటికీ కష్టమే. అయినా అంటాను. మొన్న కారేపల్లి పిల్ల రేకు నా పరాకు వల్లే పాడైంది. అందరి ముందూ ఆమెకా మాట చెప్పాను. ఆ పిల్ల ఇంకో రేకు తెచ్చుకుని నా పక్కనే కూర్చుంది.