నడిమి చుక్క

మా చెల్లెలి కూతురు పచ్చబొట్టు వేయించుకుంటానంటే మొన్న నెల్లూరులో ఒక దుకాణానికి తోడు వెళ్ళాను. ఏసీ గది, నల్ల తోలు కుర్చీ, గదంతా స్పిరిట్ వాసన. రంగు సీసా మూత తీయగానే ఆ వాసన అడుగు నుంచి మసి వాసన లాంటిదేదో ముక్కుకు తగిలి పోయింది. సూది కొత్తదేనా, పొట్లం నా ఎదురుగానే చించుతావా, ఎంత లోతుకు దిగుతుంది అని దుకాణం అతన్ని నేను ఊపిరి తిప్పుకోనివ్వలేదు. "మిషన్‌లోనే సెట్ చేసి పెట్టినా ఆంటీ, తేడా రాదు" అన్నాడు నవ్వుతూ. నేను నమ్మలేదు. సూది లోతు విషయంలో ఒకరి మాట నమ్మే అలవాటు మా ఇంట్లో లేదు, అది మా అవ్వ నాకిచ్చిన ఆస్తి.

బోగోలు నుంచి సముద్రం వైపు పోయే దారిలో మా ఊరు. ఇసుక నేలల్లో శనక్కాయ చేలు, వాటి అవతల సరుగుడు తోపులు, తోపుల వెనక ఎప్పుడూ వినపడుతూ కనపడని సముద్రం. ఎండాకాలం మధ్యాహ్నం దాటి ఉప్పుగాలి తిరిగిందంటే, జీడిమామిడి పళ్ళ ఘాటు, పచ్చి శనక్కాయలు ఉడికే ఆవిరి, ఎవరింట్లోనో చేపల పులుసులో పడిన మామిడికాయ పులుపు అన్నీ కలిసి మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవి. మేము చింతపిక్కలు పోసుకుని వామనగుంతలు ఆడుతుంటే, మా నాయన తల్లి అయిన అవ్వ స్తంభానికి ఆనుకుని వీధిని కాపలా కాసేది. పాలు గోటి మీద ఒక చుక్క వేసుకుని అది జారే తీరు చూశాక గాని గిన్నె పట్టేది కాదు. చేపలమ్మే ఆమె బుట్ట దించకముందే మొప్పలెత్తి చూసేది. ఎర్రగా ఉంటే, ఇంత ఎర్రగా ఎందుకున్నాయని తడిగుడ్డతో తుడిచి మరీ చూసేది. మాకు కడుపునొప్పి వస్తే పొట్ట నొక్కి, అది బడి ఎగ్గొట్టే నొప్పి అవునో కాదో తేల్చేది.

వీటన్నిటికీ ఇంట్లో నవ్వుకునేవాళ్ళం. ఒక్క సంగతిలో మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. అవ్వ ఎడమ ముంజేతి మీద నాలుగు చుక్కలు, వాటి నడుమ ఒక చుక్క ఉండేవి. ఆమె తొలి బిడ్డ రవణ, అంటే నేను చూడని మా అత్త, ఆ నడిమి చుక్క మీద వేలు పెట్టుకుంటే గాని నిద్రపోయేది కాదట. మాటలు పూర్తిగా రాకముందే ఆ పిల్ల జ్వరంతో పోయింది. మనిషి పోయేటప్పుడు నగలన్నీ ఇక్కడే ఒలిచేసుకుంటారు, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుంది అని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. అవ్వ చేతి మీద అవి ఏటేటా మాసిపోతున్నాయి. పడుచుతనంలో పొడిచిన ఆమె పైపైన గీకి పోయిందని అవ్వ అనుమానం.

"రవణ నన్ను చూసేనాటికి నల్లజుట్టు, నోటినిండా పండ్లు. ఇప్పుడీ మొగం దానికేం తెలుస్తాది? దానికి తెలిసింది ఈ చుక్కలే. ఇయ్యి గూడా పొయ్యినాయంటే, ఎవురో ముసిల్ది లే అని పక్కకు పోతాది" అన్నది ఒకసారి మా అమ్మతో, చాటలో బియ్యం చెరుగుతూ. అమ్మ లేచి లోపలికి పోయింది.

శనక్కాయ పీకుడు అయిపోయాక పచ్చబొట్లు పొడిచే పెంచలమ్మ మా వీధికి వచ్చేది. ఆమె దగ్గర ఒక కట్టగా దారంతో బిగించిన సూదులు, ఆముదం దీపం మసి పట్టిన చిప్ప, ఏదో ఆకు పసరు ఉండేవి. ఆ దారమే ఆమె విద్యంతా. మొన దగ్గరికి ఎంత చుడితే సూది అంత తక్కువ దిగుతుంది. తక్కువైతే రంగు పొక్కుతోపాటే రాలిపోతుంది, ఎక్కువైతే లోపల పాకిపోతుంది అని చెప్పేది. ఒక ఏడు అవ్వ తన చుక్కలు మళ్ళీ పొడిపించుకోవాలని ఆమెను పిలిచింది. పసరు వాసన చూసింది, సూదుల్ని వెలుతురుకు పెట్టి చూసింది, ముందు నీ చేతి మీద పొడిచి చూపించమంది. పెంచలమ్మ నవ్వి తన ఎడమ చెయ్యి తిప్పింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చుక్కలే. మా అవ్వలాంటి వాళ్ళు ఊరూరా పొడిపించినవి.

"నువ్వు రోజూ తిరిగి పొడుచుకోవనేం నమ్మకం మే? మా ఇంట్లోనే ఉండే చుక్క కావాల నాకు" అని అవ్వ నా వైపు చూసింది.

అలా నా చేతి మీద ఒక చుక్క పడింది. పెంచలమ్మ రెండు వేళ్ళతో చర్మం సాగదీసి పొడిచింది, చీమలు కుట్టినట్టనిపించింది, రక్తం రాలేదు. రక్తం రాలేదనే అవ్వకు దిగులు. ఆ ఏడాది పొడుగునా నేను నీళ్ళు పోసుకున్నా, అన్నానికి కూర్చున్నా, ఉగాదినాడు కొత్త పరికిణీ కట్టుకుని వీధిలోకి పరిగెత్తబోయినా, చెయ్యి పట్టి ఆపి బొటనవేలు తడుపుకుని ఆ చుక్కను రుద్ది చూసేది. అది కదలలేదు.

మరుసటి ఎండాకాలం తనే చేయి చాచి కూర్చుంది. పెంచలమ్మ ఆ చర్మాన్ని గిల్లి చూసి, సూదుల కట్టకు ఇంకాస్త దారం చుట్టింది. అవ్వ కళ్ళు దాని మీదనే ఉన్నాయి. పాత ఆనవాళ్ళ మీదనే నాలుగు చుక్కలు పడ్డాయి. నడిమి చుక్క దగ్గర అవ్వ ఆమె మణికట్టు పట్టుకుంది.

"బిడ్డకేమో అంత మొన, నాకింతేనా? దారం ఇప్పు."

"నీ తోలు ఉల్లిపొర మాదిరుండాదవ్వా. లోతుకు పోతే చెదిరిపోతాది."

"ఇప్పమంటే ఇప్పు."

పెంచలమ్మ మా అమ్మ వైపు చూసింది, అమ్మ తల వంచుకుంది. దారం విప్పాక దిగిన సూదికి రక్తం బొట్టు కట్టింది. దాన్ని చూసి అవ్వ ముఖం విప్పారింది.

పొక్కులు రాలాక నాలుగు చుక్కలూ పచ్చగా నిలబడ్డాయి. నడిమిది మాత్రం తడి కాగితం మీద సిరాలాగా నీలంగా పాకిపోయి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియని మరక అయింది. అవ్వ పెంచలమ్మను ఒక్క మాట అనలేదు. "నేనే చెడగొట్టుకుంటిని" అని ఆ చేతిని కొంగుతో కప్పుకుంది. ఆ తర్వాత పాలు గోటి మీద వేసి చూడటం మానేసింది. ఏ పాలు పోస్తే అవే పట్టుకునేది. మాకు అది అన్నిటికన్నా భయమనిపించింది.

మంచం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, సముద్రపు గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటుంటే నేను పక్కన కూర్చుని ఉన్నాను. కొంగు తొలగి ఆ మరక కనపడింది. ఎందుకో తెలియదు, దాని నడుమ, చుక్క ఉండాల్సిన చోట, వేలు పెట్టాను.

"రవణా, ఇంకా నిద్ర పోలేదా?" అన్నది అవ్వ.

వేలు తీయకుండా "లేదమ్మా" అన్నాను. చేప మొప్పను కూడా నమ్మని మనిషి, ఆ వేలు ఎవరిదో కళ్ళు తెరిచి చూసుకోలేదు. నా వేలి మీద తన అరచేయి వేసి అలాగే నిద్రపోయింది. రెండు రోజులకు పోయింది.

ఇప్పుడు మా శనక్కాయ చేలల్లో రొయ్యల గుంటలున్నాయి. సరుగుడు తోపులు కొట్టేశారు, సముద్రం ఊళ్ళోకే కనపడుతోంది. పచ్చబొట్లేయ్ అనే కేక వీధిలో విని ఎన్నేళ్ళయిందో. దుకాణం అతను పని ముగించి తొడుగులు తీస్తూ నా చేతి మీది చుక్కను చూశాడు. పాతబడింది ఆంటీ, కొంచెం ఫ్రెష్ చేద్దామా అన్నాడు. వద్దన్నాను. ఆటోలో ఇంటికి వస్తూ, పిల్ల తన ఫోనులో మునిగి ఉన్నప్పుడు, బొటనవేలు తడుపుకుని దాన్ని రుద్ది చూశాను. కదలలేదు. నిలబడింది అవ్వా అని చెబుదామంటే, నమ్మనని అనేందుకు అవ్వ లేదు.