తూటాకు మీది బంగారం

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి రాస్తోంది. నాది బొంగురు గొంతు, అర్థం కానిచోట మళ్ళీ అడుగుతోంది. పురుగుల సంగతి చెప్పమంది. ఆ సంగతి చెప్పాలంటే మా ఆయన సంగతీ చెప్పాలి. విడివిడిగా నాకు చెప్పడం రాదు.

ఆయనది పెడనలో అద్దకం పని. చెక్క అచ్చులతో గుడ్డ మీద లతలూ పువ్వులూ వేసేవారు. నేను గుడివాడ నుంచి కాపరానికొచ్చిన కొత్తలో, అద్దిన గుడ్డలు జాడించడానికి ఇద్దరం కాలవకి వెళ్ళేవాళ్ళం. గుడ్డని పారే నీళ్ళలోకి వదిలి రెండు కొసలూ పట్టుకుని నిలబడితే, అంటని రంగు దానంతటదే పోతుంది. గట్టు పొడుగునా తూటికాడలే. వాటి ఆకుల మీద ఉండేవి బంగారం పురుగులు. చింతగింజంత ఉంటాయి. తాబేలుకి మల్లే పైన డిప్ప, చుట్టూ గాజులాంటి అంచు, నడుమ అచ్చం బంగారం. ఎండ పడితే ఎవరో ముక్కుపుడక ఆకు మీద పెట్టి మర్చిపోయినట్టుంటుంది.

ఒకరోజు ఆయన ఒకదాన్ని పట్టి, తడిచేత్తో నా గడ్డం ఎత్తి, బొట్టు మీద పెట్టారు. "కదలకు, ఎగిరిపోద్ది" అన్నారు. ఎక్కడ కదుల్తాను, నా రెండు చేతుల్లోనూ గుడ్డ ఉంది. వదిలితే కొట్టుకుపోతుంది. నుదుటి మీద దాని కాళ్ళు గిలిగింతలు పెడుతుంటే అలాగే నిలబడ్డా. అవతల జాడించే ఆడవాళ్ళు, కొత్త పెళ్ళికొడుకు నగ చేయించాడర్రా అని ఒకటే ఎగతాళి. ఆయన పట్టుదల కొద్దీ ఇంకొన్ని పట్టి అగ్గిపెట్టెలో ఇంటికి తెచ్చారు. తెల్లారేసరికి అవి చచ్చి, ఎండుటాకు రంగుకొచ్చాయి. మా అత్తగారు పెట్టె తెరిచి చూసి, గిల్టు నగ తెచ్చావేంట్రా అంది.

ఆ తర్వాత కాలవకెళ్ళినప్పుడల్లా వాటిని వెతకడం మాకు అలవాటైపోయింది. అద్దకం మనిషి కదా, ఆయన రంగు చూసేవారు కాదు, అచ్చు చూసేవారు. గాజు అంచుకి నాలుగు మూలలా మరక ఉంటే అది మూలల అంచు. ఒళ్ళంతా నల్ల చుక్కలుండే పెద్దది చుక్కల దుప్పటి. వీపున రెండు చారలుండే చిన్నది చారల తువ్వాలు. ఇంకోటి ఉండేది. దానికీ నాలుగు మూలలా మరకే, కానీ బంగారం ఉండదు, మాసిపోయినట్టుంటుంది. దాన్ని మాత్రం మొగుడు పురుగు అనేవారు. బంగారమంతా పెళ్ళానికి పెట్టేసి వాడు మాసిన చొక్కాతో తిరుగుతున్నాడు చూడవే అని నవ్వేవారు. మనింట్లో ఇద్దరూ మాసినవాళ్ళమేగా అనేదాన్ని నేను.

ఆయన పోయాక నేను కాలవ వైపు వెళ్ళలేదు.

ఈ అమ్మాయి బందరు కాలేజీలో పురుగుల మీదే చదువుతోంది. దివిసీమ చిలగడదుంప చేలల్లో కూడా తిరిగి పట్టుకొస్తుంది. ఒకరోజు మెట్ల మీద అట్టపెట్టె పెట్టుకుని సర్దుతుంటే చూశా. అన్నీ ఎండుటాకు రంగే. నాలుగు మూలల మరక చూసి పోల్చుకున్నా.

అడిగితే చెప్పింది. ఇవన్నీ ఆకులు తినే పెంకు పురుగులట. మూలల అంచుదీ చుక్కల దుప్పటిదీ ఇంటిపేరు ఒకటే, ఆస్పిడిమార్ఫా అట. ఆ ఇంటిపేరుతో దేశదేశాల్లో బోలెడు రకాలున్నాయట. చారల తువ్వాలు దగ్గర చుట్టమే గాని ఇంటిపేరు వేరట. చచ్చాక రంగుండదు కాబట్టి వాళ్ళూ అంచూ మచ్చలూ చూసే రకం తేలుస్తారట. మా ఆయనా అంతేనమ్మా అని, మొగుడు పురుగు సంగతి కూడా చెప్పా. నవ్వింది.

"అది మొగుడూ కాదు, వేరే రకమూ కాదు మామ్మగారూ. అదీ మీ మూలల అంచే. కొత్తగా బయటికొచ్చినప్పుడు అలా మాసినట్టుంటుంది. కొన్నాళ్ళు ఆకు తిన్నాక బంగారం తేలుతుంది."

అద్దకంలో ఎరుపు వచ్చేదీ అలాగే కదా. పటిక నీళ్ళతో అచ్చు కొట్టినప్పుడు గుడ్డ మీద ఏమంత కనపడదు. రంగునిచ్చే చెట్టు బెరడు వేసి కాగులో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. జీవితమంతా అదే పని చేసిన మనిషికి, పురుగు దగ్గరికొచ్చేసరికి తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆయనకి చెప్పాలని లేచి, ఇంట్లో ఆయన పనిచేసిన అద్దకం బల్ల వైపు తిరిగా కూడా. ఆ బల్ల మీద ఇప్పుడు గ్యాస్ పొయ్యి ఉంది.

అప్పట్నుంచి ఒకటే కోరిక. మాసిన పురుగుకి బంగారం తేలడం నా కళ్ళతో చూడాలి. చూసి ఆయనకి చెప్పుకోవాలి. అమ్మాయి వెంట కాలవకెళ్ళా. గట్టంతా పొక్లెయిన్‌తో గీకేశారు. వెతగ్గా వెతగ్గా తూము పక్కన నాలుగు కాడలు కనపడ్డాయి. ఒక ఆకు వెనక మాసిన పురుగు, నాలుగు మూలలా మరక. అమ్మాయి పురుగుల్ని చంపే డబ్బా మూత తీసింది.

"నీ డబ్బాలో పడితే ఇది ఇలాగే ఉండిపోద్ది. నాకిచ్చెయ్యమ్మా" అన్నా.

అమ్మాయి మూత పెట్టేసి, పురుగుతో సహా ఆకు తుంచి నా చేతిలో పెట్టింది.

తూటికాడ విరిచి గుచ్చితే బతుకుతుంది. విరిగిన బక్కెట్లో మట్టి పోసి గుచ్చి, పురుగుని వదిలి, దోమతెర ముక్క కప్పా. రోజూ పొద్దున్నే చూసేదాన్ని. ఆకులకి చిల్లులు పడుతున్నాయి, పురుగు మాత్రం అలాగే ఉంది. బతకదేమో అనుకున్నా. తర్వాత్తర్వాత పసుపునీళ్ళ ఛాయ వచ్చింది. నా కళ్ళు మసకేమో అనుకుని అమ్మాయిని పిలిచి చూపించా. కాదు, వస్తోంది అంది.

ఇవాళ పొద్దున ఎండలోకి జరిపితే మెరిసింది. ఆనాటి మెరుపే.

తెర ఎత్తి, వేలి మీదికి ఎక్కించుకుని, నుదుట పెట్టుకున్నా. బొట్టు మానేసిన చోటే. కాళ్ళు గిలిగింతలు పెట్టాయి. చూస్తే, నా రెండు చేతులూ గుడ్డ పట్టుకున్నట్టు ముందుకి చాచే ఉన్నాయి.

"మనం విడిగా లెక్కేశాం గానీ, రెండూ ఒకటేనండీ" అన్నా పైకే.

అది పాపిడి దాకా పాకి ఎగిరిపోయింది. ఎటు వెళ్ళిందో పక్కనున్న అమ్మాయి చూసిందట. నేను కదల్లేదు.