పక్క మంచం గుర్వయ్య

గాలయ్యకు అరవై దాటిన ఏడాది మూత్రం బిగుసుకుపోయింది. అంతకు రెండేళ్ల ముందు నుంచే చుక్క చుక్కగా వచ్చేది. నకిరేకల్ దగ్గరి ఆ ఊళ్లో ముసలివాళ్లందరికీ ఉండేదే అనుకుని మగ్గం నేసుకుంటూ పోయాడు. ఒకనాటి పొద్దున మాత్రం చుక్క కూడా రాలేదు. పొట్ట ఉబ్బి, నొప్పికి పళ్లు కరుచుకుంటుంటే పట్నం దవాఖానకు తీసుకుపోయారు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగింది, కోసి తియ్యాలన్నారు. అది 1962.

ఆ వార్డులో పక్క మంచం మీద ఉన్నవాడు గుర్వయ్య. అచ్చంపేట వైపు రైతు. ఇద్దరికీ ఒకే జబ్బు, ఒకే రోజు ఆపరేషన్. ఇద్దరికీ గొట్టాలు వేసి, మంచాల కింద సీసాలు పెట్టారు. తెల్లవారగానే గుర్వయ్య వంగి రెండు సీసాలూ చూసేవాడు.

“నీ నీళ్లు తేటగైనయి తమ్మీ. నావి ఇంక ఎర్రగనే ఉన్నయి. నువ్వే ముందుగాల ఇంటికి పోతవు.”

“పోతే నీకు మాటలెవరు చెప్తరన్నా? ఇద్దరం కలిసే పోదాం” అనేవాడు గాలయ్య.

పగలంతా ముచ్చట్లే. సీతాఫలాలు పండే రోజుల్లో అడివి నుంచి ఎలుగుబంట్లు ఎట్లా దిగివస్తాయో గుర్వయ్య చెప్పేవాడు. నూలుకు రంగు ఎట్లా ఎక్కించాలో గాలయ్య చెప్పేవాడు. మూడు వారాలు ఎట్లా గడిచాయో తెలియలేదు. గొట్టాలు తీశారు. కొన్నాళ్లు కారుతుంది, తగ్గుతుంది, నెలకు మళ్లీ వచ్చి చూపించుకోండి అని చెప్పి పంపారు.

కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో గాలయ్య అడగలేదు. ఇంటికొచ్చాక లేచినా, దగ్గినా, బిందె ఎత్తినా ధోవతి తడిసేది. నెల గడిచింది, తగ్గలేదు. బస్సులో నలుగురి మధ్య కూర్చోవాలంటే భయమేసి దవాఖానకు మళ్లీ పోలేదు. వారం వారం తప్పకుండా పోయే అంగడికీ పోవడం మానేశాడు. చీరల మూట పక్కింటి ఐలేశం చేత పంపేవాడు. పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. అక్కడ కూర్చుంటే నడుము కింద ఎవరికీ కనిపించదు. నీళ్లు తాగితేనే కదా ఈ బాధ అని నీళ్లు కూడా తగ్గించాడు. దాంతో మంట మొదలైంది.

భార్య అండాలు అన్నీ చూస్తూనే ఉంది. ఒకరోజు మెత్తబడిన పాత చీరను చింపి, మడతలు వేసి కుట్టి, గూట్లో పెట్టింది.

“ఏందియి?” అన్నాడు గాలయ్య.

“లోపల పెట్టుకో. తడిస్తే మార్చుకో. నేను ఉతుకుత.”

“ఛీ! నేను ఆడిదాన్నా?”

“మేం ఇన్నేండ్లు నెల నెలా పెట్టుకోలేదా? మాకేమన్న పరువు పోయిందా?”

గాలయ్య గుడ్డలను అవతలికి తోసేశాడు. కోపంగా బయటికి పోయి, కాసేపటికి తిరిగొచ్చి, ఆమె చూడకుండా ఒక గుడ్డ తీసుకున్నాడు. అయినా గడప దాటడానికి మాత్రం ధైర్యం రాలేదు.

అలా ఇంకో నెల గడిచిందో లేదో, ఒక మధ్యాహ్నం వాకిట్లో కేక వినిపించింది. “గాలయ్య ఇల్లు గిదేనా?”

గుర్వయ్య! రెండు బస్సులు మారి, ఊళ్లో దారి అడుక్కుంటూ వచ్చాడు. భుజానికి ఒక సంచి వేలాడుతోంది. అండాలు ఇచ్చిన నీళ్లు గటగటా తాగేసి, గుంట పక్కన చతికిలబడి అడిగాడు.

“తమ్మీ, నీకు గూడ కారుతుందా?”

“నాకేం లేదు. మంచిగున్న.”

“అబద్ధమాడకు. బస్సు దిగి నీ ఇంటి దాంక వచ్చేసరికి నాయి రెండు గుడ్డలు తడిసినయి. గీ సంచి నిండ అవే.”

అని సంచి విప్పి చూపించాడు. గాలయ్యకు నవ్వు ఆగలేదు. నవ్వేకొద్దీ ధోవతి తడిసింది. అది చూసి గుర్వయ్య పడి పడి నవ్వాడు. ఇద్దరు ముసలివాళ్లు కళ్ల నీళ్లు తుడుచుకుంటుంటే అండాలు పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, ఏమీ అడగకుండా రెండు పొడి గుడ్డలు అక్కడ పెట్టి పోయింది.

నవ్వు తగ్గాక గుర్వయ్య తను దవాఖానకు పోయినప్పుడు డాక్టరు చెప్పింది చెప్పాడు.

“మూత్రం పోసేటప్పుడు నడుమ ఆపుతం జూడు, గట్ల లోపలికి బిగించాలె. కడుపు గాదు, తొడలు గాదు. ఊపిరి ఆపొద్దు. ఐదు లెక్కపెట్టి ఇడిచిపెట్టు. పది సార్లు. దినాం మూడు పూటలు. రెండు గంటలకోసారి, రాకున్నా గూడ పోయి రా. నీళ్లు బంద్ చెయ్యకు, చేస్తే మంట పుడుతది.”

“గంతేనా? మందు లేదా?”

“గిదే మందు. నెలలు పడుతది. జర ఓపిక పట్టు.”

గాలయ్యకు కూర్చుని లెక్కపెట్టడం విసుగనిపించింది. నేస్తూనే చేశాడు. పోగుల మధ్య నాడె ఐదుసార్లు అటూ ఇటూ పోయేదాకా బిగించడం, ఇంకో ఐదుసార్లు వదలడం. బిగించినప్పుడు చెయ్యి కూడా నెమ్మదించేది. వంటింట్లో ఉన్న అండాలుకు మగ్గం చప్పుడులో తేడా తెలిసేది. ఆ నెల నేసిన చీరల్లో నేత ఒకచోట దగ్గరగా, ఒకచోట పలుచగా వచ్చిందని ఐలేశం అంగడి నుంచి కబురు తెచ్చాడు. అండాలు నవ్వు దాచుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు నెలలకు, రోజుకు నాలుగు గుడ్డలు పట్టేది ఒకటికి తగ్గింది. నాలుగో నెలలో గాలయ్య మూట తనే ఎత్తుకుని నకిరేకల్ అంగడికి నడిచాడు. పాత బేరగాళ్లు, “ఏమాయె గాలయ్యా, కానరాకపోతివి?” అని చుట్టూ చేరారు. సాయంత్రం ఇంటికొచ్చి, పెట్టుకుపోయిన గుడ్డ పొడిగానే తీసి గూట్లో పెట్టాడు. బరువెత్తితే ఒక చుక్క పడడం మాత్రం చివరిదాకా ఉంది.

గుర్వయ్యకు అంత బాగా తగ్గలేదు. ఇద్దరూ కలిసి మళ్లీ పట్నం పోయి చూపించుకున్నారు. ఇక ఇంతేనని డాక్టరు చెప్పాడు. “అది ఆగకపోతే మానె, నేను ఆగుతనా?” అన్నాడు గుర్వయ్య. పెళ్లిళ్లకు పోయాడు, జాతరలకు పోయాడు, సంచి భుజాన వేసుకుని ఏటా గాలయ్య ఇంటికీ వచ్చాడు. వచ్చినప్పుడల్లా గాలయ్య అతని కోసం నేసి ఉంచిన మెత్తటి గుడ్డ ఇచ్చేవాడు. అంత సన్న నూలు అమ్మకానికి కూడా వాడేవాడు కాదు.

1968లో గుర్వయ్య జ్వరంతో పోయాడని ఉత్తరం వచ్చింది. గాలయ్య అచ్చంపేట పోయాడు. గుర్వయ్య భార్య నిర్మలమ్మ చాప వేసి కూర్చోబెట్టింది.

“దవాఖానల మీరిద్దరు ఏం చెప్పుకున్నరో గాని, మా ఇంటాయన ఆ ముచ్చట ఎత్తితే నవ్వాగక సగంలనే ఇడిచిపెట్టేటోడు. జర నువ్వన్న చెప్పరాదు తమ్మీ” అంది.

గాలయ్య ఆ వార్డులో వాళ్ల మంచాలు ఏ కిటికీ పక్కన ఉండేవో అక్కణ్నుంచి మొదలుపెట్టాడు. ఆ పూట తిరుగు బస్సు వెళ్లిపోయినా ఎవరూ గమనించలేదు.