పానకాలరావు గారి రాణి బిళ్ళ

“రావుగారి రాణి బిళ్ళ మన తాననే ఉండిపాయె. ఇచ్చి రావాలె” అన్నాడు మా ఆయన.

“నువ్వే ఇచ్చొద్దువు తియ్యి. ముందు జర లేచి గీ జావ తాగు” అన్నాను నేను.

తాగలేదు. మా ఇద్దరి నడుమ ఆఖరి మాటలు అవే. జావ గిన్నె కడిగి వచ్చేసరికి మనిషిలో ఊపిరి లేదు. అందుకే ఈ ప్రయాణం పడింది. ఆ తెలంగాణ గొడవల రోజుల్లో ఆడమనిషి ఒంటరిగా ఎల్బీనగర్ దాకా ఎందుకు పోయిందని అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. నా మేనకోడలు సునంద రాస్తానంది, నేను చెబుతున్నాను.

మా ఆయన పేరు దానియేలు. తిరుమలగిరిలో దర్జీ. తెల్లదొరల పటాలం ఉన్న రోజుల్లో సిపాయిల కోట్ల మీద పతకాలు, వాటి రంగు పట్టీలు కుట్టేవాడు. దొరలు వెళ్ళిపోయాక ఆ పతకాలే పాత సామాన్ల బజారుకు వచ్చి ఇత్తడి తూకానికి పోతుంటే చూడలేక ఏరుకు రావడం మొదలుపెట్టాడు. యుద్ధం పతకాల కంటే పండుగ బిళ్ళల మీద ఆయనకు మనసు. ఇంగ్లీషు రాజుకు పట్టం కట్టిన నాడు పంచినవి, రాణి ఏలుబడికి యాభై ఏళ్ళు నిండితే కొట్టించినవి, అట్లాంటివి. కల్లు లేదు, బీడీ లేదు, ఉన్నది ఈ ఒక్క పిచ్చి. పోనీలే అనుకున్నాను.

పానకాలరావు గారికీ అదే పిచ్చి. ఆయనది గుంటూరు వైపు. సర్కారు కొలువు మీద వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాడు. గురువారం బజారులో ఒకే బిళ్ళ మీద ఇద్దరి చేతులూ పడ్డాయట. “మీరు తీసుకోండి” అని ఆయన, “మీరే తీసుకోండి సారూ” అని ఈయన. చివరికి దుకాణపాయన విసుగొచ్చి, “ఎవలో ఒకలు కొనుండ్రి, లేకుంటే నేనే మెడల ఏసుకుంట” అన్నాడట. అట్లా మొదలైంది దోస్తీ.

వాళ్ళ మధ్య ఒక రివాజు ఉండేది. ఒకరి బిళ్ళ ఇంకొకరు చూసుకోవడానికి తీసుకుపోతే, తనది ఒకటి జామీనుగా పెట్టి పోవాలి. కాగితం లేదు, సాక్షి లేడు. బిళ్ళకు బిళ్ళ. దసరా ముందు రావుగారు మా జంట బిళ్ళ తీసుకుపోయారు. రాజు, రాణి పక్కపక్కన ఉండే రాగి బిళ్ళ అది. మా మామగారు దొర ఇంట్లో వంటమనిషిగా ఉన్నప్పుడు పట్టాభిషేకం రోజున ఇచ్చారట. మా ఆయన దగ్గర ఉన్నవాటిలో అది మొదటిది. దానికి జామీనుగా రావుగారు తన తెల్ల బిళ్ళ పెట్టి వెళ్ళారు. తల మీద ముసుగు వేసుకున్న ముసలి రాణి బొమ్మ.

నెలలో తెస్తానన్న మనిషి మళ్ళీ రాలేదు. తరువాత అరవై తొమ్మిదిలో తెలంగాణ గడబిడ లేచింది. బస్సులు ఆగాయి, బడులు మూశారు. మా ఆయన మంచం పట్టాక కిటికీ వైపే చూసేవాడు. “రావు ఎందుకు రాడే? మనం తెలంగాణోళ్ళమనా?” అనేవాడు. “ఊరంత రాళ్ళు పడుతుంటె ఎట్లొస్తడు?” అని నేను సర్దిచెప్పేదాన్ని. లోపల మాత్రం నాకూ మండేది. ఇన్నేళ్ళు మా ఇంట్లో చాయ్ తాగిన మనిషి, ఊరు రెండుగా చీలగానే మమ్మల్ని అవతల పెట్టాడా అని.

నలభై దినాల ప్రార్థన అయిన సాయంత్రం, రావుగారి ఆఫీసులోనే పనిచేసే మా చర్చి ప్రకాశం చెప్పాడు. “రావుగారు బదిలీ చేపిచ్చుకున్నడు పెద్దమ్మా. రేపో మాపో ఇల్లు ఎత్తేసి బెజవాడ పోతడు.” ఆయన పోతే ఆ రాణి మా ఇంట్లోనే ఉండిపోతుంది. మా మామగారి బిళ్ళ అటే పోతుంది. మా ఆయన మాట ఎటూ కాకుండా పోతుంది. తెల్లవారగానే బయలుదేరాను.

ఏడు గంటలకు తిరుమలగిరి చౌరస్తాలో బస్సు ఎక్కాను. రెండు జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు మూట కట్టుకున్నాను. రాణిని ఫలానెల్ గుడ్డలో చుట్టి వక్కాకు సంచిలో పెట్టి నడుముకు దోపుకున్నాను. పక్కన మల్లెపూల గంప పెట్టుకుని ఒకామె కూర్చుంది.

“యాడికక్కా?”

“దిల్‌సుఖ్‌నగర్.”

“గీ గడబిడలనా? గంత ఏం పనొచ్చె?”

“ఒకలది ఇచ్చేదుంది.”

“అప్పా?”

“అప్పు గాదు, రాణి.”

ఆమె గంప కొంచెం అవతలికి జరుపుకుంది. కోఠీ దాకా మళ్ళీ మాట్లాడలేదు.

కోఠీలో బస్సు మారాను. చాదర్‌ఘాట్ వంతెన బాగానే దాటాం. మలక్‌పేట రాగానే కండక్టరు గంట కొట్టి, “గీడికే ఆఖరు, దిగుండ్రి. ముంగట టైర్లు కాలుతున్నయట” అన్నాడు. టికెట్టు దిల్‌సుఖ్‌నగర్ దాకా కొన్నాను కదా అని ఒకాయన గొడవకు దిగితే, “అయితే కూసో. బస్సు ఈడనే ఉంటది, నువ్వూ ఉండు” అన్నాడు. అందరం దిగాం.

అక్కడి నుంచి మూసారాంబాగ్ మీదుగా నడక. ఆ దారిన పోయేవాళ్ళకు ఒక మాట చెబుతాను, ఎండాకాలం అయితే గొడుగు మరిచిపోకండి. రోడ్డు పొడుగునా నీడ లేదు. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఒక హోటలువాడు మాత్రం తలుపు సగం తెరిచి చాయ్ ఇస్తున్నాడు. అక్కడ నిలబడి ఒక రొట్టె తిని చాయ్ తాగాను.

రావుగారి ఇంటికి నేను అంతకుముందు ఒక్కసారే వెళ్ళాను, ఆయన భార్య సీతారత్నమ్మ పులిహోర పెట్టింది. అయినా సందు గుర్తుపట్టాను. తలుపుకు తాళం ఉంది. పక్కింటామె బట్టలు ఆరేస్తూ నన్ను చూసింది.

“రావుగారోళ్ళ కోసమా? మొన్ననే ఖాళీ చేసిండ్రు. ఎవలో ఇంటి మీద రాయి ఏసిండ్రు. మా గల్లీ పోరగాండ్లు గాదు, ఒట్టు. ఆమె బయపడ్డది.”

“బెజవాడ పోయిండ్రా?”

“ఇంక పోలే. ఎల్బీనగర్ అవుతల ఎవలిదో ద్రాక్షతోట ఉందట, సామాన్లు ఆడ దించుకున్నరు. ఇయ్యాల లారీ వస్తదట. ఉరుకు, దొరుకుతరేమో.”

ఉరికే వయసు నాకెక్కడిది? రోడ్డు మీదికి వచ్చేసరికి గడ్డి అమ్ముకుని హయత్‌నగర్ తిరిగిపోతున్న ఎడ్లబండి కనిపించింది. చెయ్యెత్తితే ఆపాడు. మల్లయ్య అతని పేరు. ఎద్దుల కొమ్ములకు సుద్దతో ఏవో అక్షరాలు రాసి ఉన్నాయి.

“గదేంది?” అన్నాను.

“పొద్దుగాల స్టూడెంట్లు రాసిండ్రు పెద్దమ్మా. ఎడమ దానికి ‘జై’, కుడి దానికి ‘తెలంగాణ’. నీళ్ళు తాపిచ్చి మళ్ళ కట్టేటప్పుడు జాగ తారుమారు చేసిన. ఇప్పుడు చూసి మళ్ళ దబాయిస్తరో ఏమో.”

చాలా రోజుల తరువాత నవ్వాను.

ఎల్బీనగర్‌లో అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్నాయి. నాలుగు గోడలు, నడుమ జొన్నచేను, మళ్ళీ నాలుగు గోడలు. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి పదిమంది పడుచువాళ్ళు నిలబడ్డారు. ఎద్దుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నా నడుము వైపు చూశారు.

“సంచిల ఏముందమ్మా?”

దాచి ఏం లాభం? తీసి చూపించాను. ఒకడు గుడ్డ విప్పాడు.

“గీమె ఎవలు, తెల్లదొరసానా?”

“రాణి. సచ్చి శానా ఏండ్లయింది. ఆంధ్రాయనది బిడ్డా. మా ఆయన తాన జామీను పెట్టిండు. మా ఆయన పోయిండు. ఈయన ఊరు ఇడిచి పోతున్నడు. ఇచ్చొస్త.”

“పోయేటోడు పోతడు, బిళ్ళ మనకే ఉండనియ్యి” అన్నాడు ఇంకొకడు.

గుడ్డ పట్టుకున్నవాడు వాడి వైపు తిరిగి, “జామీను మింగిన్రని అనిపిచ్చుకుందమారా?” అన్నాడు. బిళ్ళను మళ్ళీ చుట్టి నా చేతిలో పెట్టాడు. “పెద్దమ్మా, జై తెలంగాణ అని పో.”

అన్నాను. మల్లయ్య నాకంటే గట్టిగా అన్నాడు.

ద్రాక్షతోట ముందు లారీ ఉంది. మంచాలు కాళ్ళు పైకి పెట్టి కట్టేశారు. రుబ్బురోలు ఇంకా కిందే ఉంది. నన్ను చూడగానే రావుగారి మొహంలో నెత్తురు లేదు. అడుగు వెనక్కి కూడా వేశారు. మా మీద కోపమే అనుకున్నాను.

“చెల్లెమ్మా, మీరొక్కరే వచ్చారా? దానియేలు ఏడండీ?” అన్నారు. అప్పుడు నా మెడ చూశారు. నల్లపూసలు లేవు. ఆయన అట్లాగే రుబ్బురోలు మీద కూర్చుండిపోయారు.

నేను రాణిని ఆయన ముందు పెట్టాను. “ఇచ్చి రమ్మన్నడు. గిదే ఆఖరి మాట.”

ఆయన ముట్టుకోలేదు. “నా మీద కోపంగా పోయాడా?”

“కోపం లేదు. రంధి, మనసుల దిగులు. తెలంగాణోళ్ళమని మీరు రాలేదనుకున్నడు.”

“అయ్యో, ఆ గొడవలు కాదమ్మా. అది కానే కాదు” అని తల పట్టుకున్నారు.

లారీ వెనక నుంచి సీతారత్నమ్మ వచ్చింది. చేతిలో రుమాలు ఉంది. విప్పితే మా జంట బిళ్ళ. ఎండలో కొత్త చెంబులా తళతళలాడుతోంది. నాకు ఒక్క క్షణం అది మాది కాదనిపించింది.

“నేనే చేశానండీ. దీపావళికి సామాను తోముకుంటుంటే ఇది మసిబారి కనిపించింది. పరాయివాళ్ళది, తిరిగి ఇచ్చేటప్పుడు కళగా ఉండాలి కదా అని చింతపండు పెట్టి తోమేశాను. ఈయన చూసి రెండు పూటలు అన్నం ముట్టలేదు” అంది ఆమె. కళ్ళనిండా నీళ్ళు.

చదివేవాళ్ళకు ఇది వింతగా ఉండొచ్చు. బిళ్ళలు పోగుచేసేవాళ్ళు వాటిని ఎన్నడూ తోమరు. ఆ నల్లటి గోధుమరంగు మురికి కాదు, దాని ఈడు అనేవాడు మా ఆయన. ఏళ్ళ తరబడి దానంతట అది పట్టాలి. ఒక్కసారి పోతే బిళ్ళకు విలువ పోయినట్టే. ఆయన అంచులు పట్టుకునే తప్ప ఎత్తేవాడు కాదు. నేను ఒకసారి కొంగుతో తుడవబోతే చేతిలోంచి గుంజుకున్నాడు.

“ఎన్ని ఆదివారాలు బయల్దేరానో. ఒకసారి బోయినపల్లి దాకా వచ్చి కూడా వెనక్కి తిరిగాను. వాళ్ళ నాన్నది కదా, ఏ మొహంతో ఇవ్వను? తరువాత గొడవలు వచ్చాయి. దాని చాటున దాక్కున్నాను” అన్నారు రావుగారు.

“ఒక్కపారి వచ్చి గీ మాట చెప్పినా బాగుండె అన్నా. తిడుతుండె. తిట్టి, చాయ్ పెట్టుమంటుండె” అన్నాను. అనకుండా ఉండలేకపోయాను. ఆయన తలూపారు. ఎంతసేపో అట్లా ఊపుతూనే ఉన్నారు.

నేను బిళ్ళను చేతిలోకి తీసుకున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో దాని మొహం నేను సరిగ్గా చూడనే లేదు. ఇప్పుడు రాజు గడ్డంలో ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది. రాణి మెడలో ముత్యాల వరుసలు లెక్కపెట్టొచ్చు.

“గీ రాజుకు గడ్డమున్నదా!” అన్నాను. సీతారత్నమ్మ బిత్తరపోయి చూసింది. “చింతపండుతోనే తోమినవా అమ్మా? జర బూడిద కలిపితే ఇంక మెరుస్తుండె.”

ఆమె ఏడుస్తూనే నవ్వింది. నా భుజం మీద తల పెట్టి చాలాసేపు తీయలేదు.

వెళ్ళేముందు పెరుగన్నం పెట్టారు. తోటవాళ్ళు ద్రాక్ష గుత్తి ఇచ్చారు. రావుగారు తన రాణిని రెండు వేళ్ళతో అంచు పట్టి ఎత్తి, అదే ఫలానెల్ గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

“ఆ రంగు మళ్ళీ వస్తుంది చెల్లెమ్మా. గాలి తగలాలి, చెయ్యి తగలాలి. చాలా ఏళ్ళు పడుతుంది” అన్నారు.

“చెయ్యి తగలొచ్చా?”

“ఇక దానికి చెడేదేముంది? ఎంతసేపైనా పట్టుకోండి.”

లారీ బెజవాడ రోడ్డు మీద కనిపించకుండా పోయేదాకా నిలబడ్డాను. సీతారత్నమ్మ మంచాల మధ్య నుంచి చెయ్యి ఊపుతూనే ఉంది.

సాయంత్రానికి బస్సులు వదిలారు. హయత్‌నగర్ నుంచి వస్తున్నది ఎల్బీనగర్‌లో ఎక్కితే కోఠీ దాకా ఎక్కడా ఆగకుండా వచ్చింది. పోయేవాళ్ళు తిరుగు ప్రయాణానికి సాయంత్రమే నమ్ముకోవడం మంచిది. కిటికీ పక్కన సీటు దొరికింది. పొద్దున నడిచిన దారే, చల్లగాలికి వేరే ఊరిలా ఉంది. సందుల్లో పిల్లలు ఆడుతున్నారు, దుకాణాల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. ఆ మనిషి మమ్మల్ని అవతల పెట్టలేదు. సిగ్గుపడ్డాడు, అంతే. ఇది మా ఆయన వినకుండా పోయాడు. నేను విన్నాను. నాకు ఆ రోజుకు అదే చాలనిపించింది.

దారంతా బిళ్ళను గుప్పిట్లోనే పెట్టుకున్నాను. చెమట పట్టింది. పట్టనిచ్చాను. రాజు గడ్డం మీద బొటనవేలు పెట్టి రుద్దుకుంటూ కూర్చున్నాను. వద్దనేవాళ్ళు లేరు. వద్దని గుంజుకుంటే బాగుండునని మాత్రం మలక్‌పేట దాటేటప్పుడు ఒకసారి అనిపించింది.

ఇంతే సునందా. కలం పక్కన పెట్టు. ఇగ మొదటి నుంచి నిమ్మళంగ చదువు, నేను వింట. సీతారత్నమ్మను నలుగురి ముందల నవ్వులపాలు చేసినట్టు యాడన్న వినబడితే ఆపుత, ఆ ముక్క తీసేద్దాం. చదువు బిడ్డా.